క్యామ్, కమానీ, ఉస్తాద్ బయాజ్

పాత బస్తీలో ‘రేస్’ అనే మాట బద్‌నామ్ అయిపోయింది. ఆ మాట చెవిన పడగానే అమ్మీలకు గుర్తొచ్చేది అర్ధరాత్రి సైలెన్సర్లు పీకేసిన బైకుల మోత, ఆ తర్వాత ఆస్పత్రి నుంచి వచ్చే ఫోన్. క్రైమ్ బీట్ చూసిన రోజుల్లో ఇలాంటి ఖబర్లు నేనే ఎన్నో రాశాను. నాలుగు లైన్ల వార్త, ఓ పాస్‌పోర్ట్ సైజ్ ఫోటో. కాబట్టి మా భాంజా ‘‘అమ్మీ, రోడ్ రేసింగ్ కారు తయారు చేస్తున్నా’’ అన్నప్పుడు మా ఆపా చేతిలో ఉన్న చాయ్ ప్యాలీ అక్కడే ఆగిపోయిందంటే ఆశ్చర్యం లేదు.

ఆపాకు నేను ముందు చెప్పాల్సి వచ్చింది ఆ మాటకున్న మతలబ్. రోడ్ రేసింగ్ అంటే పబ్లిక్ రోడ్డు మీద ఉరకడం కాదు. మూసి ఉన్న సర్క్యూట్‌లో, ఎడమా కుడీ మలుపులతో జరిగే పందెం. సీదాగా పావు మైలు దూసుకుపోయే డ్రాగ్ రేస్ వేరు, ఇది వేరు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 1990 నుంచి ఇలాంటి ట్రాక్ ఉంది. కోయంబత్తూరులో కరీ మోటార్ స్పీడ్‌వే ఉంది. మారుతీ 800 ఇంజన్‌తో ఫార్ములా మారుతీ రేసు కార్లు తయారు చేసిన కరివర్ధన్ పేరే దానికి పెట్టారు. ఎఫ్‌ఎంఎస్‌సీఐ లైసెన్స్ లేకపోతే అక్కడ పోటీకి దిగనివ్వరు. హెల్మెట్, కారు లోపల ఇనుప పంజరం, ట్రాక్ పక్కన అంబులెన్స్, అన్నీ ఖానూన్ ప్రకారం ఉండాలి. ‘‘అంటే గల్లీలో తిరిగేదానికంటే అక్కడే నయమా?’’ అంది ఆపా. వెయ్యి రెట్లు నయం అన్నాను. అయినా ఆమె అసలు ఫికర్ ఇంకోటి. బీసీ ఎత్తి పక్కన పెట్టిన పైసలు. బీసీ అంటే మా వైపు చీటీ. చిన్నదాని షాదీకని పెట్టుకున్న రఖం అది. సగం వరకు వాడుకోమంది. ఆ సగంలోనే ఇంజన్ కావాలి.

కారు మారుతీ ఎస్టీమ్. 1994లో మార్కెట్లోకి వచ్చిన ఈ కారు మన దేశంలో టూరింగ్ కార్ రేసుల్లో చాలా ఏళ్లు నడిచింది. వాడిది తర్వాతి మోడల్, 1298 సీసీ, పదహారు వాల్వులు, ఒకే క్యామ్‌షాఫ్ట్, కంపెనీ లెక్క ప్రకారం 85 హార్స్‌పవర్. షెడ్డు యాకుత్‌పురాలో. షెడ్డు యజమాని ఉస్తాద్. డెబ్బై దాటాయి. పదిహేడేళ్ల వయసులో షోళవరం రేసులకు హెల్పర్‌గా వెళ్లిన మనిషి. మద్రాసు దగ్గర పాత విమానాల రన్‌వే మీద రేసులు జరిగిన కాలం అది. ఆయన దగ్గర ఒక బయాజ్ ఉంది, నల్ల అట్ట నోటుబుక్కు. విప్పిన ప్రతి ఇంజన్ కొలతలు అందులో ఉర్దూలో రాసి పెట్టుకున్నారు. మా భాంజాది ఇంగ్లీష్ మీడియం. ఉర్దూ మాట్లాడతాడు, చదవలేడు. ఉస్తాద్‌కు ఇంగ్లీష్ క్యాటలాగ్ రాదు. ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసి, ఇంగ్లీష్ వార్తలు తర్జుమా చేస్తూ బతికే నన్ను ఇద్దరూ కలిసి మధ్యలో స్టూల్ వేసి కూర్చోబెట్టారు. అలా ఒక నెల రోజులు నా సాయంత్రాలు అక్కడే గడిచాయి.

వాల్వును మన తెలుగు సైన్సు పుస్తకంలో కవాటం అంటారు. కవాటం అంటే తలుపు. డిగ్రీలో ప్రబంధాలు చదివినప్పుడు అంతఃపుర కవాటాలు చూశాను కానీ ఇంజన్ కవాటాలు ఉస్తాద్ షెడ్డులోనే చూశాను. నిజంగా అవి తలుపులే. ఒకటి లోపలికి, ఒకటి బయటికి. తలుపు ఎప్పుడు తెరవాలి, ఎంత తెరవాలి, ఎంతసేపు తెరిచి ఉంచాలి, ఇదంతా చెప్పే దర్బాన్ క్యామ్‌షాఫ్ట్. తెరిచిన తలుపును వెనక్కి లాగి మూసేది కమానీ, అంటే స్ప్రింగ్. దర్బాన్ తలుపు తోస్తాడు, మూయడం మాత్రం కమానీ పని. ఈ రెండో సంగతి కుర్రాళ్లు మర్చిపోతారు.

క్యామ్ సంగతి ముందు. క్యాటలాగ్‌లో మూడు రకాలు ఉన్నాయి. 264 డిగ్రీలు, 280 డిగ్రీలు, 304 డిగ్రీలు. క్రాంక్ తిరిగే కొలతలో వాల్వు ఎన్ని డిగ్రీల పాటు తెరిచి ఉంటుందో ఆ అంకె చెబుతుంది. మా భాంజా కన్ను 304 మీద పడింది. దాని పక్కన 8500 ఆర్‌పీఎం దాకా పవర్ అని రాసి ఉంది మరి. అంకె పెద్దదైతే చీజ్ కూడా పెద్దదే అనుకునే వయసు.

డిగ్రీల లెక్క కష్టమేమీ కాదు. 280 డిగ్రీల క్యామ్‌లో లోపలి వాల్వు, పిస్టన్ పైకి చేరడానికి 30 డిగ్రీల ముందే తెరుచుకుంటుందనుకుందాం. పిస్టన్ కిందికి దిగే 180 డిగ్రీలు తెరిచే ఉంటుంది. పిస్టన్ మళ్లీ పైకి లేవడం మొదలయ్యాక ఇంకో 70 డిగ్రీల దాకా మూసుకోదు. మొత్తం 280. బయటి వాల్వు కూడా అటు 70, ఇటు 30 అనుకుంటే, పిస్టన్ పైన ఉన్నప్పుడు 60 డిగ్రీల పాటు రెండు తలుపులూ ఒకేసారి తెరిచి ఉంటాయి. దీన్ని ఓవర్‌ల్యాప్ అంటారు. మామూలు కారులో ఇది చాలా తక్కువ.

రెండు తలుపులు ఒకేసారి ఎందుకు తెరవాలని నేనడిగితే ఉస్తాద్ నన్ను ఫంక్షన్ హాల్‌కు తీసుకెళ్లారు, మాటల్లోనే. షాదీ దావత్‌లో మొదటి పంగత్ తిని లేచింది. బయటికి పోయే గేటు తెరిచారు. జనం జోరుగా బయటికి పోతుంటే, అదే ఊపులో ఈ గేటు నుంచి కొత్తవాళ్లు లోపలికి వచ్చేస్తారు, ఎవరూ తోయనక్కర్లేదు. కానీ తిన్నవాళ్లు పాన్ నములుతూ కబుర్లు చెప్పుకుంటూ మెల్లగా కదిలితే? వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ మధ్యలో ఢీకొంటారు, కొందరైతే వచ్చిన గేటు నుంచే వెనక్కి పోతారు. ఇంజన్ జోరుగా తిరిగినప్పుడు ఓవర్‌ల్యాప్ వరం. మెల్లగా తిరిగినప్పుడు పొగ వెనక్కి తంతుంది, ఇంజన్ వణుకుతుంది, స్లోలో నిలబడదు. మ్యానిఫోల్డ్‌లో వ్యాక్యూమ్ తగ్గిపోతుంది. బ్రేకుల బూస్టర్ ఆ వ్యాక్యూమ్‌తోనే పని చేస్తుంది కాబట్టి బ్రేక్ పెడల్ కూడా బిగుసుకుపోతుంది. మలుపులున్న ట్రాక్‌లో ఇది చిన్న విషయం కాదు.

లోపలి వాల్వు ఆలస్యంగా మూసుకోవడంలో ఇంకో చిక్కు ఉంది. పిస్టన్ పైకి వస్తున్నా తలుపు తెరిచే ఉంటే, తక్కువ ఆర్‌పీఎంలో పీల్చిన గాలిలో కొంత తిరిగి బయటికే పోతుంది. అసలు నొక్కడం తలుపు మూసుకున్నాకే మొదలవుతుంది. అందుకే పెద్ద క్యామ్ వేసి, కంప్రెషన్ పెంచకుండా వదిలేస్తే ఇంజన్ కింద మొద్దుబారిపోతుంది. కంప్రెషన్ పెంచాలంటే హెడ్ ప్లేనింగ్, కొత్త పిస్టన్లు. అంటే మళ్లీ ఆపా పర్సు.

వాదన మూడు రోజులు నడిచింది. మూడో రోజు ఉస్తాద్ ఒక షాదీ రుఖా వెనక్కి తిప్పి, పెన్ను నా చేతికిచ్చి ‘‘సహాఫీ సాబ్, హిసాబ్ లిఖో’’ అన్నారు. గేర్‌బాక్స్‌లో రెండో గేర్ 1.89, మూడోది 1.28, నాలుగోది 0.91 అని చెప్పారు. 7000 ఆర్‌పీఎం దగ్గర రెండు నుంచి మూడుకు మారిస్తే ఇంజన్ ఎక్కడికి పడుతుంది? లెక్క వేస్తే దాదాపు 4740. మూడు నుంచి నాలుగుకు? దాదాపు 4980. మామూలు కారు గేర్లు కదా, వాటి మధ్య దూరం ఎక్కువ. ‘‘అంటే రేస్ మొత్తం ఇంజన్ బతుకు 4700 నుంచి 7000 మధ్యలోనే. ఇరుకు మలుపులో ఇంకా కిందికి పోతుంది. నీ 304 ఎక్కడ నిద్ర లేస్తుంది బేటా?’’ అని అడిగారు. క్యాటలాగ్ ప్రకారం 5500 దగ్గర. అంటే గేర్ మార్చిన ప్రతిసారీ కొన్ని వందల ఆర్‌పీఎం పాటు ఇంజన్ నిద్రలోనే ఉంటుంది. పక్కవాడు అంతలో వెళ్లిపోతాడు.

భాంజా కూడా ఊరికే ఒప్పుకునే రకం కాదు. ‘‘7000 కాదు, 8500 దగ్గర మారుస్తా. అప్పుడు 5750కి పడుతుంది, క్యామ్ మేల్కొనే ఉంటుంది’’ అన్నాడు. లెక్క సరైనదే. నాకు ముచ్చటేసింది. ఉస్తాద్ కూడా నవ్వారు. కానీ కనెక్టింగ్ రాడ్ల మీద పడే జోరు ఆర్‌పీఎంతో సమానంగా పెరగదు, దాని వర్గంతో పెరుగుతుంది. 7000 నుంచి 8500కు పోతే స్పీడు పెరిగేది 21 శాతం, రాడ్ బోల్టుల మీద జోరు పెరిగేది 47 శాతం. స్టాక్ రాడ్లు, స్టాక్ బోల్టులు. బోల్టు తెగితే రాడ్ బ్లాక్ గోడను పగలగొట్టుకుని బయటికి వస్తుంది. అప్పుడు బీసీ సగం కాదు, మొత్తం పోయినట్టే. దగ్గర దగ్గర గేర్లున్న రేసింగ్ గేర్‌బాక్స్, ఫోర్జ్‌డ్ రాడ్లు ఉన్నవాడికి 304 సరిగ్గా పని చేస్తుంది. అది చెడ్డ క్యామ్ కాదు, ఈ కారుకు, ఈ జేబుకు చెందిన క్యామ్ కాదు. ‘‘కాగజ్ నక్కో దేఖ్, ఇంజన్ కహాఁ సాంస్ లేరా వో దేఖ్’’ అన్నారు ఉస్తాద్. కాగితం కాదు, ఇంజన్ ఎక్కడ ఊపిరి తీసుకుంటోందో చూడమని.

280 ఖాయమైంది. అయితే క్యాటలాగుల 280లన్నీ ఒకటి కాదు. ఒక కంపెనీ వాల్వు కాస్త కదలగానే డిగ్రీలు లెక్కపెట్టడం మొదలుపెడుతుంది, ఇంకొకరు 1 మి.మీ లేచాక లెక్కపెడతారు, అమెరికా వాళ్లు అంగుళంలో వెయ్యో వంతులు 50 లేచాక, అంటే 1.27 మి.మీ దగ్గర. ఒకే అంకె ఉన్న రెండు క్యామ్‌లు వేరే వేరే మిజాజ్‌తో ఉంటాయి. ఏ ఎత్తు దగ్గర కొలిచారో రాయని కాగితాన్ని నమ్మొద్దు. ఇది నేను తర్జుమా చేస్తూ గమనించిన సంగతి. జర్నలిజంలో కూడా అంతే, సర్వేలో శాతం కంటే ప్రశ్న ఎలా అడిగారన్నదే ముందు చూడాలి.

కొనే ముందు ఇంకో పని, రూల్ బుక్ చదవడం. స్టాక్ క్లాసుల్లో క్యామ్ ముట్టుకోకూడదు. క్యామ్ మార్చడానికి ఇజాజత్ ఉన్న క్లాస్‌లోనే పేరు ఇవ్వాలి. స్క్రూటినీలో వాల్వు కవర్ విప్పి డయల్ గేజ్‌తో ఎత్తు కొలిచే అధికారం వాళ్లకుంది. దొంగ క్యామ్‌తో గెలిచి, కప్పు తిరిగి ఇచ్చేయడం కంటే బేఇజ్జతీ ఏముంటుంది.

ఇక కమానీలు. 7000 దగ్గర క్రాంక్ తిరిగితే క్యామ్ అందులో సగం, 3500 సార్లు తిరుగుతుంది. అంటే ఒక్కో వాల్వు సెకనుకు 58 సార్లు తెరుచుకుని మూసుకోవాలి. కమానీ బలహీనంగా ఉంటే తలుపు మూసుకునేలోపే దర్బాన్ మళ్లీ తోస్తాడు. వాల్వు గాల్లో తేలుతుంది. దీన్నే వాల్వ్ ఫ్లోట్ అంటారు. పవర్ పడిపోవడం దీనికి మొదటి నిషానీ. తేలే వాల్వు దారిలోకి పిస్టన్ వస్తే అక్కడితో ఖిస్సా ఖతం. అందుకని మా భాంజా అన్నిటికంటే గట్టివి, డబుల్ స్ప్రింగులు అడిగాడు. గట్టిదైతే సేఫ్ అనుకున్నాడు.

ఉస్తాద్ బయాజ్ తెరిచి ఒక పేజీ నాతో చదివించారు. ‘‘సఖ్త్ కమానీ, ఘిసా హువా క్యామ్’’ అని తలకట్టు. కమానీ ఎంత గట్టిగా ఉంటే రాకర్ ముఖం క్యామ్ ముక్కు మీద అంత గట్టిగా రుద్దుకుంటుంది. నూనె పొర చిరుగుతుంది, ముక్కు అరిగిపోతుంది, అరిగిన ఇనుము నూనెలో కలిసి బేరింగుల్లోకి పోతుంది. టైమింగ్ బెల్ట్ మీద కూడా భారం. నొక్కిన కమానీ తిరిగి విచ్చుకునేటప్పుడు తీసుకున్న శక్తిలో చాలావరకు వాపస్ ఇస్తుంది కానీ రాపిడిలో పోయింది రాదు. కాబట్టి ఇంజన్ చేరబోయే గరిష్ట ఆర్‌పీఎంకు కొంచెం పైదాకా వాల్వును పట్టి ఉంచేంత బలం చాలు. అంతకు మించి ఒక్క కిలో కూడా ఫుజూల్‌ఖర్చీ.

కొలతలు ఇలా వచ్చాయి. హెడ్‌లో కూర్చున్నప్పుడు కమానీ ఎత్తు 34 మి.మీ, అప్పుడు దాని బలం 24 కిలోలు. ఒక్కో మిల్లీమీటరు నొక్కినప్పుడు 3 కిలోలు పెరుగుతుంది. వాల్వు 9 మి.మీ లేస్తుంది కాబట్టి పూర్తిగా తెరిచినప్పుడు 51 కిలోలు. అప్పుడు కమానీ ఎత్తు 25 మి.మీ. చుట్లన్నీ ఒకదానికొకటి తగిలేదాకా నొక్కితే 23.5 మి.మీ. మధ్యలో 1.5 మి.మీ ఖాళీ మిగిలింది. ఈ ఖాళీ లేకపోతే చుట్లు గడ్డకట్టి ఇనుప ముద్ద అవుతాయి, ఏదో ఒకటి విరగాల్సిందే. పైన టోపీలాంటి రిటైనర్ కిందికి దిగినప్పుడు వాల్వు సీల్‌కు తగలకుండా చూడటం ఇంకో కొలత. ఇవి మా ఇంజన్‌వి, మీ ఇంజన్‌కు నకలు కొట్టకండి. వరుస మాత్రం ఇదే. ముందు క్యామ్, దాని ఎత్తును బట్టి, ఆర్‌పీఎంను బట్టి కమానీ. ఎవరైనా ముందు స్ప్రింగులు కొనేసి వస్తే ఉస్తాద్ షెడ్డులోకి రానివ్వరు.

జాంబాగ్, రాణీగంజ్ అన్నీ తిరిగి ఆఖరికి ఒక దుకాణం ద్వారా తెప్పించిన పదహారు కమానీలు డబ్బాలో మెరుస్తూ వచ్చాయి. భాంజా బిగించబోతుంటే ఉస్తాద్ ఆపారు. డ్రిల్లింగ్ మెషిన్ కింద తూకం మిషన్ పెట్టి, ఒక్కో కమానీని 34 మి.మీ దాకా నొక్కి తూచమన్నారు. పదమూడు సరిగ్గా ఉన్నాయి. మూడు మాత్రం మూడు నాలుగు కిలోలు తక్కువ. పదహారింటిలో ఒక్కటి బలహీనంగా ఉన్నా ఇంజన్ గరిష్ట ఆర్‌పీఎం ఆ ఒక్కదానిదే. దుకాణదార్ మొదట ‘‘సీల్డ్ డబ్బా సాబ్, ఏమీ ఉండదు’’ అన్నాడు, తూకం అతని ముందే వేసి చూపించాక మార్చి ఇచ్చాడు.

బిగించే ముందు చిన్నపిల్లలు ఆడుకునే మట్టి, క్లే, పిస్టన్ మీద అద్ది, క్రాంక్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి, హెడ్ మళ్లీ విప్పి, వాల్వు నొక్కిన చోట మట్టి మందం కొలిచారు. లోపలి వాల్వు దగ్గర 2 మి.మీ, బయటి వాల్వు దగ్గర 2.5 మి.మీకి తగ్గకూడదని ఉస్తాద్ ఉసూల్. బయటి వాల్వు వేడికి సాగుతుంది, కాబట్టి దానికి ఎక్కువ జాగా. ఆ మట్టి మా చిన్న భాంజీది. మర్నాడు స్కూల్లో ప్రాజెక్ట్ ఉందని ఇంట్లో పెద్ద రభస.

ఆ రోజుల్లోనే ఒక రాత్రి నేను వాళ్లకు అల్ జజరీ గురించి చెప్పాను. దియార్‌బకిర్‌లో అర్తూకీ సుల్తానుల కొలువులో పనిచేసిన ఇంజనీర్, 1206లో పూర్తి చేసిన కితాబ్. నీటితో నడిచే గడియారాలు, డోలు వాయించే బొమ్మలు, తిరిగే ఇరుసు మీద క్యామ్‌లు, అవి తోస్తే కదిలే మీటలు, అన్నీ బొమ్మలు గీసి కొలతలతో రాశాడు. ఇలాంటి మాట వస్తే మనవాళ్లు వెంటనే ‘అన్నీ మనమే కనిపెట్టాం’ అంటూ వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేస్తారు. నాకది నచ్చదు. క్యామ్ ఆయనకంటే ముందే ఉంది, రోకళ్లు ఎత్తి దంచడానికి ఎన్నో దేశాల్లో వాడారు. నాకు నచ్చేది ఆ కితాబ్ పేరు. అల్ జామీ బైనల్ ఇల్మ్ వల్ అమల్ అని మొదలవుతుంది. ఇల్మ్‌నీ అమల్‌నీ ఒక చోట చేర్చింది అని. ఉస్తాద్ ఆ పేరు రెండోసారి చెప్పించుకుని బయాజ్ మొదటి పేజీలో రాసుకున్నారు. భాంజా మాత్రం ‘‘ఆయన క్యామ్ ఎన్ని డిగ్రీలు మామూ?’’ అన్నాడు.

పెట్రోల్ ఇంజన్ల ఉమ్ర్ ఇంకెంత అని కూడా మాటొచ్చింది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేస్ జరిగినప్పుడు వీడు చూసొచ్చాడు. ఆ కార్లలో వాల్వు లేదు, క్యామ్ లేదు, కమానీ లేదు. ‘‘శబ్దం కూడా లేదు’’ అన్నాడు బాధగా. మరుసటి ఏడాది రేస్ రద్దయింది. ఎలక్ట్రిక్ బండ్లు మాత్రం ఆగవు. ఉస్తాద్ షెడ్డుకే ఇప్పుడు వారానికి రెండు ఎలక్ట్రిక్ ఆటోలు వస్తున్నాయి, బ్రేకుల పనికి.

ఇంజన్ స్టార్ట్ చేసిన రోజు ఆపా కూడా వచ్చింది, బుర్ఖా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడింది. రాకర్ రుద్దుకుంటూ నడిచే ఇంజన్లో కొత్త క్యామ్‌ను స్లోలో వదిలేయకూడదు. క్యామ్ ముక్కుల మీద నల్ల మాలీ గ్రీజు పూసి, స్టార్ట్ అవగానే 2000 ఆర్‌పీఎం పైన ఇరవై నిమిషాలు నడపాలి. ఆ వేగంలోనే నూనె చిమ్మి క్యామ్‌ను తడుపుతుంది, రాకర్, క్యామ్ ఒకదానికొకటి అలవాటు పడతాయి. ఆ ఇరవై నిమిషాలు గల్లీ అంతా పొగ. తర్వాత స్లోకు దింపితే ఇంజన్ కాస్త ఎగుడుదిగుడుగా, గురక పెడుతున్నట్టు తిరిగింది. ‘‘బీమార్ ఉందా?’’ అని ఆపా నా చెవిలో అడిగింది. ఓవర్‌ల్యాప్ అలాగే వినిపిస్తుందని దావత్ గేట్ల కథ మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

ఇరుంగాట్టుకోట్టైలో రెండు రోజుల ప్రాక్టీస్ అయ్యాక కారు ట్రాలీ మీద వెనక్కి వచ్చింది. ఉస్తాద్ చేసిన మొదటి పని కవర్ విప్పించి వాల్వు సందులు కొలిపించడం, తర్వాత కమానీలు మళ్లీ తూచడం. ఒక్కోటి కిలో దాకా తగ్గాయి. మొదటి వేడికి కొత్త కమానీ అంత తగ్గడం మామూలే, ఆ తర్వాత నిలబడుతుందట. క్యామ్ ముక్కులు అద్దంలా ఉన్నాయి. ఈ అంకెలు బయాజ్‌లో భాంజాయే రాశాడు, ఇంగ్లీషులో. ఉస్తాద్ కిందే నాతో ఉర్దూలో రాయించారు. పాత పేజీలు తెలుగులోకి దించే పని కూడా నా మీదే పడింది. నలభై పేజీలు అయ్యాయి, ఇంకా నూట ఇరవై దాకా ఉన్నాయి. కొన్ని చోట్ల నూనె మరకల కింద అంకెలు పోయాయి, అవి ఉస్తాద్‌ను అడిగి నింపుకోవాలి. ఆయన యాద్‌దాష్త్ బాగుండగానే ఆ పని కావాలి.

ప్రస్తుతం షెడ్డులో కొత్త బహస్. మూడో గేర్‌లో సీదా రోడ్డు చివరికి వచ్చేసరికి ఇంజన్ 7000 తాకేస్తోంది, నాలుగు వేస్తే బ్రేక్ కొట్టే టైం అయిపోతోంది, కాబట్టి ఫైనల్ డ్రైవ్ మార్చాలని భాంజా అంటున్నాడు. ఉస్తాద్ సగం ఒప్పుకున్నారు. ఆపాకు ఇంకా ఎవరూ చెప్పలేదు.